బేరిపండు పేరు అడిగి కొనండి

ఈ శీర్షికకు కొంతకాలంగా బేరిపళ్ల గురించి ఉత్తరాలు వరుసగా వస్తున్నాయి. పండు చప్పగా ఉందని ఒకరు, గట్టిగా ఉందని ఒకరు, పొయ్యి మీద పెడితే ముద్దయిపోయిందని ఇంకొకరు రాశారు. ఆ పండు ఏ రకమో మాత్రం దాదాపు ఎవరూ రాయలేదు. వేల రకాలున్న పండు ఇది. అన్నిటినీ ఒకే పేరుతో పిలిచి, అన్నిటి నుంచీ ఒకే గుణాన్ని ఆశించడం వల్లే ఈ చిక్కులు వస్తున్నాయి. అందుకే ఈసారి ఆ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను. ఎన్నో ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి అక్కడక్కడా పాఠంలోకి వెళతాను. ఓపికగా చదవండి, పండు రుచి పెరుగుతుంది.

ప్రశ్న: ఒకే బుట్టలో ఆకుపచ్చ బేరిపళ్లు తెచ్చాను. కొన్ని నాలుగైదు రోజుల్లో పసుపు రంగుకు తిరిగి చక్కగా మాగాయి. మిగిలినవి రంగు తిరగలేదని అలాగే ఉంచాను. చివరికి కోస్తే లోపలంతా గోధుమ రంగులో పాడైపోయి ఉంది. మందులు చల్లిన పళ్లా అవి?

మందుల ప్రమేయం ఏమీ లేదు. మీ బుట్టలో రెండు రకాలు కలిశాయి. రంగు తిరిగినవి బార్ట్‌లెట్ అయి ఉండాలి. తొక్క రంగు చూసి లోపలి పక్వం చెప్పగలిగిన రకం అది. ఆకుపచ్చగా ఉన్నప్పుడు కొరికితే కరకరలాడుతుంది, లేత పసుపు దిగితే రసం ఊరుతుంది, నిండు పసుపు వచ్చాక ఇక ఆలస్యం చేయకుండా తినేయాలి. రెండో రకం ఆంజూ అనుకుంటున్నాను. గుడ్డు ఆకారం, పొట్టి మెడ దాని గుర్తులు. అది పచ్చిగా ఉన్నప్పుడూ ఆకుపచ్చే, పండినా ఆకుపచ్చే. రంగు కోసం ఎదురుచూసేవాళ్లకు ఆ పండు ఎప్పటికీ అందదు.

మరి పక్వం తెలిసేదెలా? మీరు తెచ్చిన రెండు రకాలూ యూరప్ జాతివి. ఆ జాతి బేరిపండు లోపలి నుంచి బయటికి మాగుతుంది. పొట్ట భాగం నొక్కినప్పుడు మెత్తగా తగిలిందంటే గింజల చుట్టూ గుజ్జు అప్పటికే మితిమీరి పండిందని అర్థం. నొక్కవలసిన చోటు మెడ, తొడిమకు ఆనుకుని ఉన్న భాగం. అక్కడ బొటనవేలితో సుతారంగా ఒత్తండి. వేలికి కొద్దిగా లొంగితే పండు సిద్ధమైనట్టు. ఆంజూకు, బాస్క్‌కు, కామిస్‌కు, ప్యాకమ్స్‌కు, అన్నిటికీ ఇదే పరీక్ష.

ఈ జాతిని చెట్టు మీద పండనివ్వరు. కాయ ముదిరాక, ఇంకా గట్టిగా ఉండగానే కోస్తారు. వేలాడుతున్న కాయను అరచేతిలోకి తీసుకుని అడ్డంగా వచ్చేలా పైకి ఎత్తితే తొడిమ కొమ్మ నుంచి తేలిగ్గా విడిపోవాలి. కోతకు వచ్చిందనడానికి తోటమాలులు చూసే గుర్తు అది. చెట్టునే వదిలేస్తే గింజల చుట్టూ గుజ్జు ముందే మెత్తబడి గోధుమ రంగుకు తిరుగుతుంది. కోసిన తరువాత కూడా పండుకు కొంతకాలం చలి తగలాలి. ఎథిలీన్ అనే వాయువును పండు తనంతట తాను తయారు చేసుకుంటేనే పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, గుజ్జు కణాలను అతికించి ఉంచే పెక్టిన్ కరిగి మెత్తదనం వస్తుంది. ఆ వాయువు తయారీకి చలి నాంది పలుకుతుంది. బార్ట్‌లెట్‌కు సున్నా డిగ్రీల దగ్గర రెండు మూడు వారాలు చాలు, ఆంజూకు రెండు నెలల దాకా పడుతుంది. ఈ పనంతా శీతల గిడ్డంగిలోనే అయిపోతుంది కనుక మీ చేతికి వచ్చిన పండును 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉండే చోట పెట్టుకుంటే సరిపోతుంది. తొందరగా కావాలంటే అరటిపండుతో కలిపి కాగితపు సంచిలో వేయండి, అరటి నుంచి వచ్చే ఎథిలీన్ దీన్నీ కదిలిస్తుంది. మరీ వేడిచోట మాత్రం పెట్టవద్దు, అక్కడ సరిగా మాగదు. మెడ లొంగాక ఫ్రిజ్‌లో పెడితే మరో మూడు నాలుగు రోజులు నిలుస్తుంది.

ప్రశ్న: డబ్బా మీద విలియమ్స్ అని ఉంది. లోపలి పళ్లు బార్ట్‌లెట్‌లా ఉన్నాయి. రెండూ వేరువేరు రకాలా?

రెండూ ఒకటే. ఇంగ్లండ్‌లో బెర్క్‌షైర్ ప్రాంతపు ఆల్డర్‌మాస్టన్ అనే ఊళ్లో, 1770 ప్రాంతంలో స్టెయిర్ అనే బడిపంతులు దగ్గర ఈ చెట్టు వెలుగులోకి వచ్చింది. లండన్ దగ్గర మొక్కలు అమ్మే రిచర్డ్ విలియమ్స్ దాన్ని అంటుకట్టి ఊరూరికీ పంచాడు, ఆయన పేరే పండుకు నిలిచింది. 18వ శతాబ్దం చివర్లో కొన్ని మొక్కలు అమెరికా చేరి మసాచుసెట్స్‌లోని రాక్స్‌బరీలో ఒక తోటలో పెరిగాయి. 1817లో ఆ తోటను ఇనాక్ బార్ట్‌లెట్ కొన్నాడు. చెట్ల అసలు పేరు తెలియక తన పేరుతోనే వాటిని అందరికీ ఇచ్చాడు. 1828లో యూరప్ నుంచి విలియమ్స్ మొక్కలు మళ్లీ వచ్చినప్పుడు గానీ రెండూ ఒకటేనని బయటపడలేదు. అప్పటికే బార్ట్‌లెట్ పేరు అక్కడ నాటుకుపోయింది. ఇప్పటికీ ఉత్తర అమెరికాలో బార్ట్‌లెట్, మిగతా చాలా దేశాల్లో విలియమ్స్. డబ్బాల్లో నిల్వ చేసే పళ్లలో దీనిదే పెద్ద వాటా. వేడి తగిలినా పరిమళం నిలుస్తుంది కాబట్టి ఆ పనికి ఇది బాగా కుదిరింది.

ప్రశ్న: పండు తియ్యగానే ఉంది కానీ నములుతుంటే ఇసుక తగిలినట్టు ఉంటోంది. ఇది పండుకు పట్టిన రోగమా?

రోగం కాదు. మీరు నమిలింది చెక్కను. అవును, నిజంగా చెక్కనే. బేరిపండు గుజ్జులో కొన్ని కణాలు తమ గోడలను లిగ్నిన్‌తో పొరలు పొరలుగా మందం చేసుకుంటూ పోయి, చివరికి లోపలి జీవపదార్థం అంతరించి గట్టి గుళికలుగా మిగులుతాయి. చెట్ల మానుకు గట్టిదనం ఇచ్చే పదార్థం కూడా లిగ్నినే. ఈ కణాలను రాతి కణాలు అంటారు.

ప్రయోగశాలలో పిల్లలకు దీన్ని చూపించడమంటే నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. గుజ్జును చిటికెడు తీసి గాజు పలక మీద నలిపి, ఫ్లోరోగ్లూసినాల్ అనే రసాయనం వేసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క జార్చితే చాలు. చుట్టూ ఉన్న పలచని గుజ్జు కణాలు రంగులేకుండా ఉండిపోతాయి, రాతి కణాల గుంపులు మాత్రం చూస్తుండగానే ఎర్రబడతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్కో కణం గోడ ఎంత మందమంటే మధ్యలో సన్నని ఖాళీ మాత్రమే మిగిలి ఉంటుంది. ఆ ఖాళీ నుంచి గోడ గుండా బయటికి సన్నని కాలువలు చీలుతూ వెళతాయి, కణం బతికి ఉన్న రోజుల్లో పక్క కణాలతో ఇచ్చిపుచ్చుకున్న దారులు అవి. నోట్లో గరగరలాడి విసుగు తెప్పించేది ఇంత అందంగా ఉంటుందని అది చూసేదాకా ఎవరూ నమ్మరు.

ఇప్పుడు మీ పండు సంగతి. ఈ కణాలు ముఖ్యంగా గింజల గూడు చుట్టూ, తొక్క కింద గుమికూడతాయి. అవి కాయ చిన్నగా ఉన్నప్పుడే ఏర్పడతాయి, మాగబెట్టినంత మాత్రాన కరగవు. ఎన్ని ఉంటాయన్నది రకాన్ని బట్టి ఉంటుంది. అడవి బేరిలో విపరీతం, కామిస్‌లో అతి స్వల్పం. తూర్పు ఆసియా జాతికి ఇసుక బేరి అన్న పేరు ఉండటానికి కారణం ఇదే. గింజల గూడును కాస్త వెడల్పుగా కోసి తీసేస్తే చాలావరకు గరుకు పోతుంది. ఒక్క జాగ్రత్త: కాయ పైన అక్కడక్కడా లోతు గుంటలు పడి, కాయ వంకర తిరిగి, ఆ గుంటల కింద కత్తి దిగనంత గట్టిగా ఉంటే అది వైరస్ తెగులు కావచ్చు. అలాంటి చెట్టు నుంచి అంటుకొమ్మలు తీసుకోకూడదు.

ప్రశ్న: ఆపిల్‌లా గుండ్రంగా, గట్టిగా ఉన్న బేరిపళ్లు తెచ్చి పదిరోజులు మాగబెట్టాను. మెత్తబడలేదు. ఇంకా ఎన్నాళ్లు ఉంచాలి?

ఇక ఉంచకండి, ఇవాళే తినండి. అది ఆసియా బేరి. పైన రాసిన మాగబెట్టే పద్ధతి దీనికి వర్తించదు. ఇది చెట్టు మీదే పండుతుంది, కోసిన రోజు నుంచే తినడానికి సిద్ధం. కొరికితే కరకరలాడుతూ నోరంతా రసం నిండాలి, అదే దీని పక్వం. మెత్తబడిందంటే పాతబడిందని అర్థం. చల్లగా తింటే మరీ బాగుంటుంది. తొక్క చాలా సున్నితం, వేలిగోరు తగిలినా మచ్చ పడుతుంది. అందుకే ఒక్కో పండుకు నురుగు వల తొడిగి అమ్ముతారు.

వీటిలో రెండు తరహాలున్నాయి. గోధుమ రంగు గరుకు తొక్క ఉన్నవి కొసుయి, హొసుయి, నిటాకా వంటివి. నాకు హొసుయి ఇష్టం, తీపికి తోడు చిన్న పులుపు ఉంటుంది. నున్నటి పసుపుపచ్చ తొక్క ఉన్నవాటిలో పేరెన్నికగన్నది నిజిస్సేకి. ఈ చెట్టు దొరికిన తీరు చెప్పకుండా ఉండలేను. 1888లో జపాన్‌లోని చిబా ప్రాంతంలో మత్సుదో కాకునోసుకే అనే పదమూడేళ్ల పిల్లవాడు బంధువుల ఇంటి చెత్తకుప్పలో మొలిచిన చిన్న బేరి మొక్కను చూసి, తెచ్చి నాటుకున్నాడు. అది కాపుకు వచ్చేసరికి ఏళ్లు పట్టింది. పండు పలచని తొక్కతో, అంతకు ముందు ఎరుగని రసంతో ఉంది. రాబోయే కాలానికి తగిన పండు అని 1904లో దానికి ఇరవయ్యో శతాబ్దం అని అర్థమిచ్చే ఈ పేరు పెట్టారు. అదే ఏడాది తొత్తోరి ప్రాంతానికి మొక్కలు వెళ్లాయి, తరువాత ఆ ప్రాంతానికే ఈ పండు గుర్తుగా మారింది. నల్లమచ్చ తెగులుకు ఇది తేలిగ్గా లొంగుతుంది, కాయకాయకూ కాగితపు సంచి తొడిగి కాపాడుకోవలసి వచ్చేది. చివరికి గామా కిరణాలు సోకించి పెంచిన చెట్లలో తెగులును తట్టుకునే కొమ్మ ఒకటి కనిపించింది. దాని నుంచి వచ్చినదే గోల్డ్ నిజిస్సేకి.

చైనా నుంచి వచ్చే యా లీ రకం మీ చేతికి అందితే పోల్చుకోవడం సులువు. ఆకారం మెడ ఉన్న బేరిలా ఉంటుంది, గుజ్జు మాత్రం ఆసియా జాతి కరకర. ఆకారం చూసి మాగబెట్టబోతారు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

ప్రశ్న: చక్కెర పాకంలో ఉడికిస్తే ముక్కలన్నీ చెదిరి ముద్దయిపోతున్నాయి. మంట తగ్గించినా ఫలితం లేదు.

మంట కన్నా రకాన్ని మార్చండి. బాస్క్ తెచ్చుకోండి. పొడవైన సన్నని మెడ, కాడ దాకా పరుచుకున్న దాల్చినచెక్క రంగు గరుకు తొక్క, ఇంకే బేరితోనూ పొరపడేందుకు వీలుండదు. గుజ్జు దట్టంగా ఉంటుంది. పండు సగం దోరగా ఉన్నప్పుడే తొక్క తీసి, తొడిమ ఉంచేసి, నిలువుగా పాకంలో నిలబెట్టి ఉడికించండి. గంటసేపు ఉడికినా మెడ వంగదు. పారిస్ వృక్షోద్యానానికి అధిపతిగా ఉన్న లూయీ బాస్క్ పేరు దీనికి పెట్టారు. బాస్క్ దొరకకపోతే కాన్ఫరెన్స్ వాడండి. ఇదీ పొడవాటి పండే, ఆకుపచ్చ తొక్క మీద గోధుమ గరుకు మచ్చలుంటాయి. 1885లో లండన్‌లో జరిగిన బేరిపళ్ల సదస్సులో మొదటి బహుమతి రావడంతో ఆ పేరు వచ్చింది.

జామ్‌కు, గుజ్జు తీయడానికి, ఎండబెట్టడానికి మాత్రం బార్ట్‌లెట్టే మేలు. పండు మొత్తాన్ని గాజు సీసాలో నిల్వ చేయాలనుకుంటే సెకెల్ చూడండి. ఫిలడెల్ఫియా దగ్గర పుట్టిన బుల్లి రకం, రెండు మూడు కాట్లలో అయిపోతుంది, తీపిలో దీనికి సాటి లేదు.

ప్రశ్న: అన్నిటిలో రుచైన బేరి ఏది? మీ సొంత అభిప్రాయం కావాలి.

కామిస్. ఆలోచించకుండా చెబుతాను. ఫ్రాన్స్‌లోని ఆంజే పట్టణపు ఉద్యానవన సంఘం తోటలో 1849లో మొదటిసారి కాసింది. చూపుకు ఏమంత సొగసు ఉండదు, లావుగా, కురచగా, తొక్క మీద గోకినట్టు గరుకు చారలు. సరిగ్గా మాగిన కామిస్‌ను కత్తితో కోసి పళ్లెంలో పెడితే ముక్క కింద రసం చేరుతుంది. గుజ్జు వెన్నలా నాలుక మీదే కరిగిపోతుంది, పళ్లతో పని లేదు. తీపి వెనుక సన్నని పులుపు ఉండబట్టి మొహం మొత్తదు. దీన్ని ఉడికించవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఆ పరిమళం పచ్చిగా తిన్నప్పుడే దక్కుతుంది. తొక్క మీద మచ్చలు చూసి పక్కన పడేయకండి, అవి లోపలికి వెళ్లవు.

అందానికైతే ఫోరెల్‌కు ఓటు. జర్మనీ నుంచి వచ్చిన చిన్న రకం. తొక్క మీద చిన్నచిన్న రంధ్రాల చుట్టూ ఎర్రటి వలయాలు ఏర్పడి, ట్రౌట్ చేప ఒంటి మీది చుక్కల్లా కనిపిస్తాయి. పేరు కూడా ఆ చేపదే. మాగేకొద్దీ చుక్కల వెనుక ఆకుపచ్చ పసుపుగా మారుతుంది. బార్ట్‌లెట్ తరువాత రంగుతో కబురు చెప్పే బేరి ఇదే.

ప్రశ్న: ఎర్ర బేరిలో పోషకాలు ఎక్కువని చెప్పి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. నిజమేనా?

ఎర్ర బార్ట్‌లెట్, ఎర్ర ఆంజూ రెండూ మామూలు చెట్ల కొమ్మల్లో సహజంగా వచ్చిన మార్పు వల్ల పుట్టినవే. తొక్కలో ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం చేరింది, గుజ్జు అదే గుజ్జు. తొక్క తీసి తినేవాళ్లకు రెండిటికీ తేడా ఉండదు. బేరిపండు అసలు బలం పీచు. 180 గ్రాముల పండులో అయిదారు గ్రాములు ఉంటుంది, అందులో మంచి భాగం తొక్కలోనే. సార్బిటాల్ అనే చక్కెర ఆల్కహాల్ కూడా ఇందులో ఎక్కువ. అది పేగుల్లో పూర్తిగా జీర్ణం కాదు, అందుకే మలబద్ధకం ఉన్నవారికి ఈ పండు మేలు చేస్తుంది, కడుపు ఉబ్బరం ఉన్నవారికి ఇబ్బంది పెడుతుంది.

ప్రశ్న: తిన్న పండు గింజ నాటితే అదే పండు కాస్తుందా? ఇంట్లో ఒకే చెట్టు ఉంటే కాపు వస్తుందా?

అదే పండు రాదు. బేరి గింజలో తల్లి లక్షణాలతో పాటు పుప్పొడి ఇచ్చిన చెట్టు లక్షణాలూ కలుస్తాయి. చాలా గింజ మొక్కలు చిన్నవి, వగరువి, రాతి కణాలు నిండినవి కాస్తాయి. ఇంగ్లండ్‌లో గ్లోస్టర్‌షైర్, హెరిఫర్డ్‌షైర్ ప్రాంతాల్లో పెర్రీ అనే పానీయం కోసం పెంచే బేరిపళ్లలో చాలావాటికి నోరు పిడచకట్టేంత వగరు, పచ్చిగా ఎవరూ తినరు. మనం తినే మెత్తటి బేరి వెనుక బెల్జియం వాళ్ల ఓర్పు ఉంది. 18వ శతాబ్దంలో మాన్స్ పట్టణానికి చెందిన నికొలా ఆర్డాన్‌పాన్ అనే మతాచార్యుడు, ఆయన తరువాత జాన్ బాప్టిస్ట్ వాన్ మాన్స్ గింజ మొక్కలను పెద్ద సంఖ్యలో పెంచి, కాసినవాటిలో మేలైన కొన్నిటినే ఉంచుకున్నారు. గుజ్జు కరిగే రకాలు అంతగా విస్తరించింది వీళ్ల తరువాతే. గింజ మొక్క కాపుకు రావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది కాబట్టి ఒక్కో ఎంపికకూ ఎంత కాలం పట్టి ఉంటుందో ఊహించండి.

అందువల్ల అంటు మొక్కే నాటండి. బేరికి దగ్గరి చుట్టమైన క్విన్స్ అనే చెట్టు వేరు మీద కడితే చెట్టు పొట్టిగా ఉండి త్వరగా కాస్తుంది. బార్ట్‌లెట్, బాస్క్ రకాలు క్విన్స్‌తో సరిగా అతుక్కోవు, మధ్యలో రెండిటికీ పొసిగే మరో రకం ముక్క పెట్టి కట్టాలి. బేరి వేరు మీదే కట్టినది పెద్ద చెట్టవుతుంది, తరాల పాటు నిలుస్తుంది. మసాచుసెట్స్‌లోని డాన్వర్స్‌లో 17వ శతాబ్దం తొలి సగంలో నాటిన బేరిచెట్టు ఇంకా బతికే ఉంది. నాటే ముందు మీ వాతావరణం చూసుకోండి. యూరప్ రకాలు చాలావాటికి శీతకాలంలో 7 డిగ్రీల కన్నా తక్కువ చలి వందల గంటల పాటు తగలాలి, లేకపోతే మొగ్గ నిద్ర లేవదు. చలి తక్కువైన చోట యూరప్, ఆసియా జాతుల కలయికతో వచ్చిన కీఫర్ వంటివే గతి. వాటి గుజ్జు గరుకు, ఉడికించుకోవడానికి బాగుంటాయి.

ఒంటి చెట్టుకు కాపు నమ్మకం తక్కువ. చాలా బేరి రకాలు తమ పుప్పొడితో తాము ఫలించవు, పైగా పూలలో తేనె పలచన కావడంతో తేనెటీగలు వేరే పూలవైపు పోతాయి. ఒక్క చెట్టుకే చోటు ఉంటే కాన్ఫరెన్స్ నాటండి, పరాగసంపర్కం లేకుండానే కొంత కాస్తుంది, ఆ కాయలు గింజల్లేకుండా సన్నగా పొడుగ్గా వస్తాయి. రెండు చెట్లకు చోటు ఉంటే బార్ట్‌లెట్‌కు తోడుగా ఆంజూ గానీ బాస్క్ గానీ పెట్టండి. సెకెల్‌ను మాత్రం బార్ట్‌లెట్‌కు జతగా ఎంచుకోకండి, ఆ రెండిటిలో ఒకదాని పుప్పొడి మరొకదానికి పనికిరాదు.